నిదానంగా రాసే మిషను

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు చెన్నై నుంచి వచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో ఫ్యాను కింద చతికిలబడి, ల్యాప్‌టాప్ తెరిచి నన్ను పిలిచి రంగురంగుల గీతలు చూపించింది. ఒకే డేటాబేసును వేర్వేరు ఆపరేటింగ్ సిస్టముల మీదా, డిస్కులో ఫైళ్లు అమర్చుకునే వేర్వేరు పద్ధతుల మీదా నడిపి, ఏది త్వరగా జవాబిస్తుందో కొలిచిందట. ఎవరి గీత పొడుగైతే వాళ్లు గెలిచినట్టట. "ఇదే ఫస్టు పెద్దమ్మా, మిగిలినవి దీని దరిదాపుల్లో కూడా లేవు" అని ఆ పిల్ల మురిసిపోతుంటే నేను కళ్లజోడు సర్దుకొని, బాగుందమ్మా అన్నాను గాని, ఆ పొడుగు గీతను చూసేసరికి ఎక్కడ దాగి ఉందో నాలోని పాత మొండితనం లేచి కూర్చుంది. ఎందుకంటే ఇలాంటి కొలతే ఎనభైల్లో తిరువళ్ళూరులో నేనూ కొలిచాను. కొలిచి నేను చెప్పిన మాటను మార్చుకోమని మా ఆఫీసూ, మా నాయనా, నన్ను చేసుకోబోయే బావా ముగ్గురూ అడిగారు. నేను మార్చుకోలేదు. ఇవాళ వచ్చి అడిగినా మార్చుకోను.

మాది తిరువళ్ళూరు పక్కన పాండూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు, ఇలా మూడింటినీ కలుపుకొని పెరిగినవాళ్లం మేము. లెక్కల్లో బీయస్సీ చేసి, మదరాసులో కంప్యూటరు కోర్సు ఒకటి చదివి వచ్చాను. చెరుకూ వరీ తప్ప వేరే సంగతి ఎరుగని మా నాయన, కూతురు చదివిన చదువేమిటో ఎవరైనా అడిగితే "అదేందో టీవీ మాదిరి ఉంటాదిలే" అని తప్పించుకునేవాడు. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరంటే ఒక వస్తువు కాదు, ఒక గది. చెప్పులు బయట విడిచి, తడి తల ఆరబెట్టుకొని లోపలికి పోవాలి. ఊరంతా ఎండకు మాడిపోతుంటే దానికి మాత్రం చల్లటి గాలి. మా అమ్మ ఒకసారి నాకు అన్నం క్యారియరు ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఆ చలిని మొహానికి తగిలించుకొని, "బాలింతను పెట్టుకోవచ్చే ఈడ" అన్నది. చలికి బాలింతకేం మేలు అని అడిగితే, ఈగలు రావు కదా అన్నది.

నాకు ఉద్యోగమిచ్చింది తిరువళ్ళూరులోని ఒక ట్రస్టు ఆస్పత్రి. క్షయ రోగులకు మందులు ఊరికే ఇచ్చేవాళ్లు. తిరుత్తణిలో దానికి ఒక చిన్న శాఖ. క్షయ మందుతో వచ్చిన చిక్కేమిటంటే అది నెలల తరబడి తప్పకుండా మింగాలి. కొద్ది వారాలకే దగ్గు తగ్గుతుంది, ఒళ్లు తేలికవుతుంది, ఇంకెందుకులే అని మనిషి మానేస్తాడు. మానేస్తే జబ్బు తిరిగి వస్తుంది, వచ్చినది ఆ మందులకు సులభంగా లొంగదు. అందుకని ప్రతి నెలా మందుకు రానివాళ్లెవరో ఏరి, వాళ్ల ఊళ్లకు మనిషిని పంపి పిలిపించుకోవాలి. ఆ ఏరే పని కోసమే మా పెద్ద డాక్టరమ్మ పట్టుబట్టి కంప్యూటరు తెప్పించాలనుకున్నది. ఆమె తమిళావిడ, ముక్కుసూటి మనిషి, మాటలు తక్కువ.

వెతుక్కుంటూ ఊళ్లకు పోయే మనిషి తిరుత్తణి శాఖలో ఉండేది. ఆమెను డాక్టరమ్మ దగ్గర నుంచి వాచ్‌మన్ దాకా అందరూ అక్కా అనే పిలిచేవాళ్లం. క్రైస్తవుల ఇంటి ఆడబిడ్డ, భర్త రైల్వేలో గ్యాంగుమన్‌. భుజానికి గుడ్డసంచి, చేతిలో నల్లగొడుగు, కాళ్లకు మగవాళ్ల చెప్పులు. బస్సు పోయినంత మేర బస్సులో, ఆ పైన గట్ల వెంబడి నడిచి పోయేది. గడప దగ్గర నిలబడి ఆస్పత్రి అని అనేది కాదు. ఆ జబ్బు పేరు బయటపడితే బావి దగ్గరికి కూడా రానివ్వని రోజులు కదా, చీరల చీటీ కట్టించుకోవడానికి వచ్చానని చెప్పి లోపలికి పోయి, తలుపు వేసుకొని, ఆ తరువాత తిట్టేది. ఆమె తిట్లు తిన్నవాళ్లెవరూ మరుసటి నెల మానలేదు.

ఏ కంప్యూటరు కొనాలో తేల్చడానికి మదరాసు నుంచి రెండు కంపెనీలవాళ్లు తలా ఒక మిషను తెచ్చి మా గదిలో పెట్టి, కొన్నాళ్లు వాడి చూడమన్నారు. ఒకటి చిన్నది, డాస్ మీద నడిచేది, ఒక్కరే కూర్చొని వాడాలి. రెండోది పెద్దది, యూనిక్స్ మీద నడిచేది, దానికి టెర్మినళ్లు, అంటే విడివిడిగా తెరా కీబోర్డూ, తగిలిస్తే చీట్ల కౌంటరులో ఒకరు, మందుల కౌంటరులో ఒకరు, నా గదిలో నేను ఏకకాలంలో వాడవచ్చు. రెండింటిలోనూ ఒకే రోగుల వివరాలు ఎక్కించి, ఒకే పనులు చేయించి, ఏది మేలో రాసి ఇవ్వడం నా పని.

పెద్ద మిషను తెచ్చిన ఇంజనీరు మా బావ. తిరునిన్రవూరులో ఉండే మా మేనత్త కొడుకు. నన్ను అతనికి ఇవ్వాలని నేను పావడాలు కట్టే వయసు నుంచీ మాట ఉంది. ఈ సంగతి నేను ముందే మా ఆస్పత్రి మేనేజరుతో చెప్పాను. ఆయన గవర్నమెంటులో పని చేసి రిటైరై వచ్చిన మనిషి, నవ్వేసి, మంచిదేనమ్మా, మిషను చెడితే అల్లుడు పరిగెత్తుకొస్తాడు అన్నాడు. బావ అంటే నాకు ఇష్టంగానే ఉండేది, దాచుకోవడమెందుకు. తెల్లచొక్కా మడతలు నలగకుండా లోకల్ రైల్లో నిలబడి వచ్చే మనిషి, మిషను ముందు కూర్చుంటే వేళ్లు వీణ మీద ఆడినట్టు ఆడేవి. ఆ మిషను నాకు నేర్పింది అతనే.

నేను పెట్టిన పరీక్షలన్నింటిలో పెద్దదే గెలిచింది. రోగి నంబరు చెబితే వివరం తీయడం, ఒక ఊరి వాళ్లనందరినీ ఏరడం, అన్నింటికంటే పెద్ద పనైన రానివాళ్ల పట్టీ తీయడం, ఏది చూసినా అదే ముందు. చిన్నది పట్టీ తీయమంటే డిస్కును గరగరలాడించి, లైటు ఆర్పి వెలిగించి, నేను ఒక వారపత్రికలో సీరియల్ చదివి ముగించాక బయటపెట్టేది. బావ వెనక నిలబడి చిరునవ్వు నవ్వేవాడు. నాకూ లోపల గర్వంగానే ఉండేది.

అది ఎండాకాలం. తిరుత్తణిలో ఎవరెవరు మందు తీసుకున్నారో రాసిన కార్డులు అక్క ద్వారా సంచిలో వచ్చేవి, నేను వాటిని రెండు మిషన్లలోనూ ఎక్కించేదాన్ని. రానివాళ్ల పట్టీ మాత్రం పెద్దదాని నుంచే తీసి అక్కకు ఇవ్వడం అప్పటికే అలవాటైపోయింది, త్వరగా వస్తుంది కదా. ఒక మధ్యాహ్నం నేను ఆ కార్డులు ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. జనరేటరు వాచ్‌మన్ వచ్చి తాడు లాగితే గాని కదలదు. కరెంటు వచ్చాక పెద్ద మిషను తనను తాను చాలాసేపు సరిచూసుకొని, అంతా బాగుందన్నట్టు మళ్లీ లేచింది. అంతకుముందు ప్రతి కార్డుకూ అది "రాశాను" అని చూపించింది కాబట్టి నేను నమ్మి ముందుకు పోయాను.

ఆ నెల పట్టీలో తిరుత్తణి అవతలి ఒక ఊరి నేతాయన పేరు వచ్చింది. మగ్గం యజమాని దగ్గర కూలికి నేసేవాడు. అక్క పోయింది. ఆయన అప్పుడే మగ్గం గుంటలోంచి లేచి వీధిలోకి వస్తున్నాడట. ఎప్పుడూ తలుపు వేసుకొని తిట్టే అక్కకు ఆ పొద్దు ఎండకో అలసటకో ఓపిక చాలక, ఎందుకు రాలేదు అని గడప బయటే అడిగింది. వచ్చినాను అన్నాడాయన. రాలేదు అన్నది ఆమె. మాటా మాటా పెరిగి, ఆస్పత్రి పేరు బయటికి వచ్చి, ఇరుగుపొరుగులు తలుపులు తీసుకొని నిలబడ్డారు. సాయంత్రానికల్లా యజమాని ఇంక మగ్గం మీద కూర్చోవద్దన్నాడు. తెల్లారేసరికి ఆయన భార్యనూ పసిబిడ్డనూ ఇంట్లో వదిలి, పని వెతుక్కుంటూ ఎటో వెళ్లిపోయాడు.

అక్క మరుసటి రోజు నా గదికి వచ్చి, చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి, నేను కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది.

"ఆయప్ప వచ్చినాడు పాపా. వాళ్ల ఆడామె మాత్రల సీసా చూపించింది. మనదే, మన కౌంటరు చీటీ అంటించి ఉండాది, ఈ నెలదే. నీ మిషను ఎందుకు రాలేదని చెప్పింది? ఇంక నేను యా మొహం పెట్టుకొని ఆ ఊరికి పోయేది?"

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు భరించరానిదైంది. ఆమె పోయాక నేను తలుపు మూసుకొని ఒక లేని మనిషి పేరు పెద్ద మిషనులో ఎక్కించి, "రాశాను" అనగానే స్విచ్చు ఆర్పి, తిరిగి వేసి చూశాను. పేరు లేదు. మళ్లీ చేశాను, మళ్లీ లేదు.

సంగతేమిటో బావ తరువాత విడమరిచి చెప్పాడు. హోటల్లో సర్వరు నాలుగు బల్లల ఆర్డర్లు చెవిన వేసుకొని ఒక్కసారే వంటింటికి పోయి చెబుతాడు చూడండి, యూనిక్స్ అలా చేసేది. మనం ఇచ్చినది తన జ్ఞాపకంలో ఉంచుకొని రాశానని చెప్పి, కొంతసేపటికి అన్నీ కలిపి డిస్కు మీదికి దింపేది. దాని వేగమంతా అందులోనే ఉంది. ఈ మధ్యలో కరెంటు పోతే ఆ సర్వరు వంటింటికి చేరనట్టే. చిన్న మిషనుకు వేరే జబ్బు. అది డిస్కు మీద రాసేది గాని, మొత్తం ఎంతమంది ఉన్నారన్న లెక్కను ఫైలు మూసేటప్పుడు మాత్రమే దిద్దేది. మూయకముందే కరెంటు పోతే, రాసిన మనిషి డిస్కులోనే ఉన్నా దానికి కనిపించేవాడు కాదు. నేను దాని ప్రోగ్రాము మార్చి, ఒక్కో రోగి పేరు రాయగానే ఫైలు మూసి తిరిగి తెరిచేటట్టు చేశాను. అసలే నత్త, ఇంకా నత్త అయింది. కానీ ఎన్నిసార్లు స్విచ్చు ఆర్పినా ఒక్క పేరు పోలేదు.

నీ దాంట్లో కూడా ఇట్లా మార్చు బావా, డిస్కు మీద పడినాకే రాశానని చెప్పనీ అని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"అట్ల మారిస్తే స్పీడంతా పోతాది. ఏది కొనాలో తేల్చేదానికి ట్రస్టువాళ్లు వచ్చే ముందర ఆ పని చేయమంటావా? కరెంటు పోయేది మీ ఊరి తప్పు, దానికి మిషనేం చేస్తాది? యూపీఎస్ పెట్టుకోండి, సరిపోతాది."

"ఆ పెట్టె వచ్చేదాకా?"

"వచ్చేదాకా జాగ్రత్తగా చూసుకో."

ఏం చూసుకోవాలి? కరెంటు నాకు చెప్పి పోతుందా? మేనేజరుతో చెబితే, నిన్ను అడిగింది ఏది వేగమైనదని, అది రాసి ఇవ్వు, మిగతాది నీకెందుకు అన్నాడు. నేను రాయనన్నాను. ఆయన పాండూరుకు కబురంపాడో, బావే చెప్పాడో, ఆ వారం ఒక సాయంత్రం ఇంటికి పోయేసరికి నాయన తోటలోంచి పెందలాడే వచ్చి నా కోసం కూర్చొని ఉన్నాడు. మా నాయన నన్ను ఏనాడూ కసిరిన మనిషి కాదు, ఆ పొద్దు కూడా కసరలేదు.

"ఆషాఢం పోతే లగ్నం పెట్టుకుందామని మీ అత్త కబురు చేసింది. నీ కొలతలు నువ్వు కొలిచినావు, ఇంక ఊరుకో తల్లీ" అన్నాడు.

ఊరుకోవడానికి నేను నిజంగా ప్రయత్నించాను. అన్నం ముందు కూర్చున్నాను, ముద్ద కలిపి వదిలేశాను. మగ్గం గుంటలోంచి లేచి వీధిలోకి వచ్చిన మనిషిని నేను చూడనైనా లేదు, కానీ ఆయన వచ్చినాను అన్నాడే, ఆ మాట ఎవరూ నమ్మలేదే, అది నన్ను వదలలేదు. మనిషి మాట కంటే నా పట్టీ మాటకు విలువ ఎక్కువైపోయింది, ఆ పట్టీ అబద్ధం.

ట్రస్టువాళ్లు వచ్చిన ఉదయం గదినిండా మల్లెపూల వాసన, కొత్త తివాచీ, కుర్చీలు. బావ తన మిషను చేత రానివాళ్ల పట్టీ తీయించి చూపించాడు, అది ప్రింటరు మీద గలగలమని వచ్చేసరికి పెద్దలు తలలూపారు. మేనేజరు నన్ను చూసి, చిన్నదాన్ని కూడా ఒకసారి చూపించమ్మా, తేడా తెలుస్తుంది అన్నాడు. నేను లేచి, డాక్టరమ్మ పేరు, వయసు అడిగి, కొత్త రోగిగా రెండు మిషన్లలోనూ ఎక్కించాను. ఆమె ఒకసారి కనుబొమ్మ ఎత్తి, చెప్పింది. రెండూ "రాశాను" అన్నాయి. నేను వంగి, గోడ దగ్గర రెండు ప్లగ్గులూ ఒకదాని తరువాత ఒకటి పీకేశాను.

ఫ్యానులు తిరుగుతున్నాయి, ఏసీ నడుస్తోంది, రెండు మిషన్లు మాత్రం చీకటి. ఎవరో పెద్దాయన అయ్యయ్యో అన్నాడు. తిరిగి తగిలించేటప్పుడు నేను తొందరపడలేదు. చిన్నది లేచింది. డాక్టరమ్మ పేరు అడిగితే దాని పద్ధతిలో గరగరలాడి, చూపించింది. పెద్దది తనను తాను సరిచూసుకోవడం మొదలుపెట్టింది. కాఫీలు వచ్చాయి, చల్లారాయి, అది ఇంకా చూసుకుంటూనే ఉంది. చివరికి లేచి, అలాంటి రోగి ఎవరూ లేరన్నది.

బావ మొహం కందగడ్డయింది. అందరూ వింటుండగానే తెలుగులో, మా ఇద్దరికే అన్నట్టు, "ఇది న్యాయమా? చిన్నదాన్ని ముందే మార్చిపెట్టుకున్నావు, నా దాన్ని మార్చలేదు" అన్నాడు.

"మార్చమని నిన్ను అడిగినా కదా బావా. మారిస్తే నిదానమైపోతాదన్నావు. కానీలే, నిదానంగా రాయనీ. రాసింది ఉండాల కదా."

"కావాలనే పీకినావు."

"అవును. ఈ ఊర్లో కరెంటు మనల్ని అడిగి పోతుందా?"

డాక్టరమ్మకు తెలుగు అర్థమవుతుందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి, "అప్పో నాన్ ఇల్లియా?" అని తమిళంలో, అంటే నేను లేనా అయితే, అని బావను అడిగింది. తిరుత్తణి నేతాయన సంగతి అప్పుడు చెప్పాను, నిలబడే చెప్పాను, కార్డుల సంచితో వచ్చిన అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. మేనేజరు చేత్తో ఆపబోతే నేను ఆగలేదు. నా ఉద్యోగం ఆ క్షణంలోనే పోయిందని అనుకున్నాను, పోతే పోనీ అని కూడా అనుకున్నాను.

ఉద్యోగం పోలేదు. పెద్ద మిషనే కొన్నారు, అయితే నేనడిగిన మార్పు చేశాకే కొంటామని డాక్టరమ్మ అన్నది. బావ చేశాడు, సాయంత్రం వరకూ కూర్చొని చక్కగా చేశాడు, అతనికి ఆ పని చేతగాక కాదు కదా అప్పటిదాకా చేయనిది. చేశాక దాని వేగం చాలావరకు పడిపోయింది. చిన్న మిషనును తిరుత్తణి శాఖకు తీసుకున్నారు, దాంతోపాటు నన్నూ పంపించారు. పెద్దల ముందు ఆస్పత్రి పరువు తీసిన పిల్ల ఇక్కడ ఉండకూడదని మేనేజరు పట్టుబట్టాడట. డాక్టరమ్మ అడ్డు చెప్పలేదు. అది నాకు చాలాకాలం నొప్పిగానే ఉండింది, కానీ శిక్ష అని ఒప్పుకొని తలదించుకొని పోలేదు నేను. కొత్త చీర కట్టుకొని, మొదటి బస్సుకే పోయాను.

అత్త లగ్నం మాట ఎత్తలేదు. కాబోయే మొగుణ్ణి పదిమందిలో నిలబెట్టి కడిగిన పిల్లను ఇంటికి ఎట్లా తెచ్చుకునేది అన్నదట. అమ్మ రెండు రోజులు ఏడ్చి ఊరుకుంది. నాయన చాలా వారాలు నాతో ముభావంగా ఉన్నాడు. బావ ఒక ఉదయం తిరుత్తణి స్టేషన్లో దిగి, నన్ను కలిసి, ప్లాట్‌ఫారం మీద కాఫీ ఇప్పించాడు.

"నువ్వు చేసింది తప్పని నేను అనలా. అందరి ముందర చేసినావే, అదే" అన్నాడు.

"ఒంటిగా చెప్పినప్పుడు విన్నావా?"

అతను రైలొచ్చేదాకా పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ మరుసటి ఏడు కాంచీపురం పిల్లను చేసుకున్నాడు. నేను పెళ్లికి పోయి వడ్డించాను కూడా. నాకు తరువాత తిరుత్తణి హైస్కూలు లెక్కల మాస్టారుతో పెళ్లయింది, మంచి కాపురమే చేశాను. కానీ ఆ కాఫీ వేడి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. దాని కోసం నా మాట వెనక్కి తీసుకునేదాన్నా అంటే, తీసుకునేదాన్ని కాదు.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. నేతాయన గుమ్మిడిపూండిలో ఏదో ఫ్యాక్టరీలో కూలికి చేరాడని ఆయన భార్యకు కబురందింది. అక్క సెలవు రోజుల్లో పోయి వెతకసాగింది, తరువాత నేనూ వెంట పోయాను. మదరాసు దాకా ఒక రైలు, అక్కడ మారి గుమ్మిడిపూండికి ఇంకొకటి. షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చే మొహాలన్నీ వెతకడం. ఒక ఫ్యాక్టరీ కాకపోతే ఇంకొకటి. అక్క ఆకలేస్తే గేటు ముందరి బండి దగ్గర బోండాలు కొని సగం నాకు పెట్టేది. చివరికి ఒక టీ అంగడి బల్ల మీద కూర్చొని దగ్గుతూ కనిపించాడు. మాత్రలు మానేసి చాలా నాళ్లయినట్టు చూడగానే తెలిసింది. మమ్మల్ని చూసి లేచి పోబోయాడు. అక్క ఆయన దారికి అడ్డం నిలబడింది.

"నువ్వు వచ్చినావు. మా మిషను మరిచిపోయింది. తప్పు మాది. అది చెప్పేదానికే వచ్చినాం" అన్నది.

ఆయన తిరిగి బల్ల మీద కూర్చున్నాడు. తరువాత, "నాకు చెప్పేదేంది అక్కా? నాకు తెలుసు కదా నేను వచ్చినట్టు. మా వీధిలో చెప్పండి" అన్నాడు.

చెప్పాం. తరువాతి ఆదివారం ముగ్గురం కలిసి ఆ ఊరు పోయాం. మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగి, వీధి నిండింది. ఎన్నడూ జబ్బు పేరు గడప దాటనివ్వని అక్క, ఆ పొద్దు గొడుగు మూసి నేలకు ఆనించి, ఈ మనిషి ఊరు విడిచేదాకా ఒక్క నెల కూడా తప్పకుండా వచ్చినాడనీ, మేమే తప్పు రాసుకున్నామనీ, మందు తప్పకుండా తినేవాడి నుంచి ఇంకొకరు భయపడే పని లేదనీ నిండు గొంతుతో చెప్పింది. ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు. అప్పుడు ఆమె ఆయన భార్య వైపు తిరిగి, "అన్నం వండినావా? ఆకలైతా ఉండాది" అని, గడప లోపలికి పోకుండా వీధి అరుగు మీదే కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల రాగిసంగటి, చింతచిగురు పప్పు తెచ్చి పెట్టింది. వీధంతా చూస్తుండగా మేము తిన్నాం, అక్క మారు వడ్డించుకొని తిన్నది. తిని, చెయ్యి కడుక్కొని, ఎదురింటి ముసలామెను తాంబూలం అడిగింది. ఆ ముసలామె ఒక్క నిమిషం తటపటాయించి, లోపలికి పోయి ఆకులు తెచ్చింది.

యజమాని ఆయనను మళ్లీ మగ్గం మీద కూర్చోనివ్వలేదు, అంతటి అద్భుతమేమీ జరగలేదు. కొన్నాళ్లకు పక్క ఊళ్లో వేరే చోట నేతపని దొరికింది. మందు మొదటి నుంచి మొదలుపెట్టి, చివరిదాకా మింగాడు. ఆయన వచ్చిన ప్రతిసారీ నేను పేరు ఎక్కించి, డిస్కు గరగరలాడి ఊరుకునేదాకా చూసి, అప్పుడు తలెత్తేదాన్ని. ఆయనా అది పూర్తయ్యేదాకా కదలక నిలబడేవాడు. కౌంటరు ముందు వరస పెరిగి, జనం విసుక్కునేవాళ్లు. ఈ పిల్ల మిషను ఇంతేనప్పా అనేవాళ్లు. అననీ అనుకునేదాన్ని.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఆ ఆస్పత్రి రూపు మారిపోయింది, మా తరం వాళ్లెవరూ అక్కడ లేరు. ఊరూరా కొత్త ఆస్పత్రులు, అన్ని చోట్లా కంప్యూటర్లు, నేనూ ఇప్పుడు చక్కెర జబ్బుకు ఒక దాంట్లో మందు తీసుకుంటున్నాను. మొన్నామధ్య మోకాళ్ల నొప్పితో ఒక నెల పోలేకపోయాను. మీరు ఈ నెల రాలేదని ఫోనుకు మెసేజ్ వచ్చింది, మరునాడు అదే మళ్లీ వచ్చింది, అక్షరం తేడా లేదు. ఇంకెవరైనా పలకరిస్తారేమోనని నేను ఎదురుచూశానంటే మీరు నవ్వుతారు. మన రోజుల్లో జబ్బు మనిషి రాకపోతే ఎవరో ఒకరు బస్సు దిగి, ఎండన పడి వచ్చి, గడపలో కూర్చొని మంచినీళ్లడిగి తిట్టేవారు. ఆ తిట్టు ఎంత పెద్ద ఆసరానో అప్పుడు మనకు తెలియలేదు. ఇప్పుడు ఎవరికీ ఎవరినీ తిట్టే తీరిక లేదు.

మోకాళ్ల నొప్పి తగ్గాక పోయి, కౌంటరులోని అమ్మాయితో, నేను రాకపోతే ఎవరూ అడగలేదేమమ్మా అన్నాను. మెసేజ్ వచ్చిందే పాటీ అన్నది ఆ పిల్ల, కంగారుగా స్క్రీను చూస్తూ, నన్ను తమిళంలో అవ్వను చేసేసి. మెసేజ్ కాదమ్మా, మనిషి అన్నాను. వెనక వరసలోని వాళ్లు విసుక్కుంటున్నారు, నేను కదల్లేదు. ఆ అమ్మాయి నా మొహం చూసి, ఏమనుకుందో ఏమో, సరే పాటీ, వచ్చే నెల మీరు రాకపోతే నేనే ఫోను చేస్తాను అన్నది.

చేస్తుందో లేదో తెలియదు. వచ్చే నెల కావాలనే పోకుండా ఇంట్లో కూర్చొని చూద్దామని ఉంది.